కోడి పచ్చడి దిగిపోవాలి, రొయ్యల పచ్చడి ఎక్కొచ్చు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. అత్తయ్యగారు, మామయ్యగారు భీమవరం నుంచి వచ్చారు. ఆగస్టులో వంటిల్లు, పడకలు ఉండే మోటర్‌హోం అద్దెకు తీసుకుని ఫోక్‌స్టన్‌లో బండితో సహా సొరంగం రైలెక్కి ఫ్రాన్స్‌లోని కాలేలో దిగి, స్ట్రాస్‌బోర్గ్, బ్లాక్ ఫారెస్ట్, స్విట్జర్లాండ్ మీదుగా ఇటలీలో కోమో దాకా వెళ్లి వద్దామనుకుంటున్నాం. 12 రోజులు. 14 నెలల బాబు కూడా ఉన్నాడు. అత్తయ్యగారు అప్పుడే లిస్టు రాసేశారు: నెయ్యి 3 కిలోలు, నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి, ఆవకాయ, గోంగూర, పొడులు, సున్నుండలు, 10 కిలోల బియ్యం, ములక్కాడలు, కరివేపాకు, పెరుగు తోడు. మా ఆయనేమో "బోర్డర్లో ఎవడూ చూడడు, మన బండి మన ఇల్లే కదా" అంటారు. వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మాత్రం అన్నీ తీసి పారేస్తారు, ఫైన్ కూడా వేస్తారు అని భయపెట్టింది. ఏది నిజం? ఇంకో మాట. మామయ్యగారు కాలేలో దిగగానే బండికి నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొడతానంటున్నారు. అదేమైనా ఇబ్బందా?

జవాబు: మీ ఆయన చెప్పింది సగం నిజం, వాట్సాప్ ఆవిడ చెప్పింది ఇంకో సగం. కాలేలో దిగిన ప్రతి బండినీ ఆపరు, చాలామంది చెయ్యి ఊపించుకుని వెళ్లిపోతారు. కానీ ఆపినప్పుడు మాత్రం మోటర్‌హోంలో ముందు తెరిచేది ఫ్రిజ్జే. బండి మన ఇల్లే అన్న మాట అక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఇల్లు చక్రాల మీద దేశం మారింది. 2021 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ లెక్కలో బ్రిటన్ బయటి దేశం. తిండి విషయంలో రెడింగ్ నుంచి వెళ్లినా రాజమండ్రి నుంచి వెళ్లినా ఒకటే లెక్క. అదే జనవరిలో నెదర్లాండ్స్ టీవీలో ఒక వీడియో వచ్చింది, గుర్తుందా? బ్రిటన్ నుంచి ఓడ దిగిన డ్రైవర్ల దగ్గర హ్యామ్ శాండ్‌విచ్‌లు లాక్కున్నారు. బ్రెడ్ అయినా ఉంచుకోవచ్చా అని ఒకాయన అడిగితే, కుదరదు, "వెల్‌కం టు ది బ్రెక్జిట్, సర్" అన్నాడు ఆఫీసరు. నవ్వొస్తుంది గానీ రూలు అదే.

అత్తయ్యగారి లిస్టు పట్టుకుని కూర్చుందాం. ఈ రూళ్లు చదివితే తలనొప్పి వస్తుంది గానీ వంటింటి భాషలో చెప్పుకుంటే తేలికే. ప్రతి డబ్బానీ రెండు ప్రశ్నలు అడగండి. ఇది పశువు నుంచో కోడి నుంచో వచ్చిందా? ఇది చెట్టు నుంచి కోసింది కోసినట్టు పచ్చిగా ఉందా? రెండిట్లో దేనికి "అవును" వచ్చినా దాన్ని రెడింగ్‌లోనే వదిలేయండి. సీలు వేసిన టిన్నా, ఇంట్లో కాచిందా, ఎంత ఉంది, ఎవరి కోసం అన్నవి తర్వాతి సంగతులు.

నెయ్యి పాల పదార్థం. మూడు కిలోలు కాదు, మూడు చెంచాలైనా యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పనీరు, పాలపొడి, కోవా అన్నీ అదే కోవలోకి వస్తాయి. నాటుకోడి పచ్చడి మాంసం, అది నూనెలో మునిగి ఉన్నా ఏడాది నిలవున్నా వాళ్లకి మాంసమే. ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పేస్తాను, అత్తయ్యగారికి మీరు మెల్లగా చెప్పుకోండి: ఆ కోడి పచ్చడి, ఊరి నెయ్యి అసలు ఇండియా నుంచి బ్రిటన్‌కే రాకూడదు, వ్యక్తిగత సామాన్లలో ఇండియా మాంసం, పాల పదార్థాలు ఇక్కడా నిషేధమే. హీత్రోలో ఎవరూ సూట్‌కేసు తెరవలేదు గాబట్టి మీ ఇంటికి చేరింది. ఒకసారి గండం గడిచిందని రెండోసారి కూడా పందెం కాయక్కర్లేదు. వెళ్లేలోపు వేడన్నంలో కలుపుకుని తినేయండి, అంతకన్నా మంచి పరిష్కారం నాకు తోచడంలేదు.

ఇప్పుడు మంచి వార్త, అదీ భీమవరం వాళ్లకి మరీ మంచి వార్త. చేపలు, రొయ్యల లెక్క వేరు. ఎండువి, ఉడికించినవి, ఊరబెట్టినవి ఏవైనా సరే, మనిషికి 20 కిలోల దాకా యూనియన్‌లోకి తీసుకెళ్లొచ్చు. అంటే రొయ్యల పచ్చడి దర్జాగా బండెక్కుతుంది, ఎండు రొయ్యలు కూడా. (ఎండు రొయ్యలు మోటర్‌హోంలో వేయించితే ఆ వాసన పన్నెండు రోజులూ మీతోనే ప్రయాణం చేస్తుంది, తర్వాత అద్దె కంపెనీ వాళ్ల ముక్కుకీ తగులుతుంది, అది వేరే సంగతి.) తేనె ఉంటే మనిషికి 2 కిలోల దాకా ఫరవాలేదు.

ఆవకాయ, గోంగూర, పొడులు, చింతపండు, ఎండుమిర్చి, పప్పులు, బియ్యం, వీటికి ఏ అడ్డంకీ లేదు. ఊరేసినవి, ఎండినవి, దంచినవి పచ్చి సరుకు కిందకి రావు. సున్నుండల్లో నెయ్యి ఉంది కదా అని మీకు అనుమానం రావచ్చు. మాంసం కలవని బ్రెడ్డు, కేకులు, బిస్కెట్లు, చాక్లెట్లు, మిఠాయిలకి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది, సున్నుండలు మిఠాయే. పాలకోవ మాత్రం నేనైతే పట్టుకెళ్లను. పేరుకి మిఠాయే అయినా అది మొత్తం పాలేనని ఎవరు చూసినా తెలుస్తుంది, అక్కడ నిలబడి ఫ్రెంచిలో వాదించే ఓపిక నాకు లేదు.

ములక్కాడలు, కరివేపాకు, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లి, బంగాళాదుంపలు వద్దు. 2019 డిసెంబర్ 14 నుంచి యూనియన్‌లోకి బయటి దేశం నుంచి వచ్చే పచ్చి కూర, పండు, ఆకు దేనికైనా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, అది మనలాంటి వాళ్లు సెలవులకి పోతూ తీసుకునేది కాదు. ఐదు పళ్లకి మాత్రం సర్టిఫికెట్ అక్కర్లేదు: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. చివరిదాని జోలికి మీరు ఎలాగూ పోరు. కరివేపాకు లేకుండా తాలింపు ఏమిటి అంటారు అత్తయ్యగారు, నాకు తెలుసు, కరివేపాకు పొడి ఒక డబ్బా పెట్టుకోమనండి. దారిలో పచ్చిది కావాలంటే జూరిక్‌లో లాంగ్‌స్ట్రాస్సె చుట్టుపక్కల శ్రీలంక తమిళుల కొట్లు ఉన్నాయి, ములక్కాడలు కూడా అలాంటి చోట్లే వెతకాలి. స్విట్జర్లాండ్‌లో ఈలం తమిళులు చాలామంది స్థిరపడ్డారు, మన వంటకి వాళ్ల పుణ్యమే.

బాబు సంగతి. డబ్బా పాలపొడి, సెరెలాక్ లాంటివి మనిషికి 2 కిలోల దాకా అనుమతిస్తారు, కానీ కంపెనీ డబ్బాలోనే ఉండాలి, తెరవక ముందు ఫ్రిజ్ అక్కర్లేని రకమై ఉండాలి, వాడుతున్నది తప్ప మిగతావి సీలు తీయకూడదు. చిన్న డబ్బాల్లో సర్దేసి తీసుకెళ్లే అలవాటు ఉంటే ఈ ఒక్కసారికి మానేయండి. అత్తయ్యగారు బియ్యం, పెసరపప్పు వేయించి ఉగ్గు పట్టిస్తే దానికి ఏ ఇబ్బందీ లేదు. సీసాలో మామూలు ఆవు పాలు మాత్రం స్టేషన్ చేరేలోపే తాగించేయండి.

డబ్బాల మాట వచ్చింది గనక నాకు జరిగింది చెబుతాను. నాలుగైదేళ్ల కిందట ఒక రేవులో మా బండి ఆపారు. ఫ్రిజ్జు శుభ్రంగా ఉంది, ఎందుకంటే మేం అప్పటికే బుద్ధి తెచ్చుకుని పాలు, పెరుగు ఏమీ పెట్టలేదు. ఆఫీసరమ్మ పై అర తెరిచి పాత హార్లిక్స్ సీసా తీసింది. అందులో ఉన్నది ఆవకాయ. కానీ ఆవిడ చదివింది సీసా మీద కాగితం, అందులో పాలు అన్న మాట కనపడింది, దాన్ని పక్కన పెట్టేసింది. నేను మామిడికాయ, ఆవపిండి, నూనె అని చేతులు తిప్పుతూ చెప్తున్నాను. ఆవిడ మూత తీసి దగ్గరగా వాసన చూసింది. మూడు తుమ్ములు. కళ్లు తుడుచుకుని, ఏమీ మాట్లాడకుండా సీసా మా ఆవిడ చేతిలో పెట్టేసింది. అప్పటినుంచి మా ఇంట్లో రూలు ఏమిటంటే, హార్లిక్స్ సీసాలు, ఐస్‌క్రీం డబ్బాలు, నెయ్యి టిన్నులు పచ్చళ్లకి వాడం. కొట్లో కొన్న సీలు సీసాలైతే ఉత్తమం, ఇంట్లో పెట్టిందైతే తెల్లటి డబ్బాలో పోసి, మ్యాంగో పికిల్, వెజిటేరియన్ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. బియ్యప్పిండి, సెనగపిండి విడి కవర్లలో కట్టుకోకండి. తెల్లపొడి మూట చూసి ఎవరూ ముందు దోసెలు గుర్తు తెచ్చుకోరు.

అత్తయ్యగారికి ఈ రూళ్లన్నీ వట్టి చాదస్తంలా కనిపించొచ్చు. మామయ్యగారికి పాడి ఉండి ఉంటే ఒక్క మాట చాలు, గాలికుంటు అనండి. పశువులకొచ్చే ఆ అంటుజబ్బు భయమే ఇదంతా. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చి 60 లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పందుల ఫారంలో సరిగా ఉడికించని తిండి వ్యర్థాలు మేపడంతో మొదలైందని తేల్చారు. 2025 జనవరిలో జర్మనీలో, బ్రాండెన్‌బుర్గ్‌లో ఒక గేదెల మందలో మళ్లీ బయటపడింది, ఆ దేశంలో 1988 తర్వాత అదే మొదటిసారి. ఆ మార్చిలో హంగరీ, స్లొవాకియాల్లో కూడా. పందులకొచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అయితే 2018లో వందల కిలోమీటర్లు ఎగిరొచ్చినట్టు బెల్జియం అడవి పందుల్లో తేలింది, అంతదూరం పంది నడిచి రాదు, మనుషులే మోసుకొచ్చారన్నది అందరి అనుమానం. అందుకే జర్మనీ హైవేల పక్కన ఆగి తిన్నప్పుడు మాంసం ముక్కలు, ఎముకలు పొదల్లోకి విసరకండి. మూత ఉన్న చెత్తడబ్బాలోనే వేయండి.

ఇక నెయ్యి లేకుండా ఎలా అన్నదానికి వద్దాం, అసలు సమస్య అదే కదా. కాలేలో రైలు దిగే చోటుకి, అంటే కోకెల్ దగ్గర, పక్కనే సిటె యూరోప్ అని పెద్ద మాల్, అందులో కార్‌ఫూర్ ఉంది. మోటర్‌హోంల వాళ్లు సగంమంది మొదట ఆగేది అక్కడే. ఉప్పు లేని వెన్న కొనండి, ప్యాకెట్ మీద "బ్యొర్ దూ" అని ఉంటుంది, "దెమి సెల్" అని ఉంటే ఉప్పుది, అది వద్దు. ఫ్రెంచి వెన్నలో 82 శాతం కొవ్వు ఉంటుంది, కిలో కాస్తే ముప్పావు కిలోకి పైనే నెయ్యి దిగుతుంది. ఆ సాయంత్రం క్యాంపింగ్ సైట్‌లో పైకప్పు కిటికీ తెరిచి, సన్న మంట మీద అత్తయ్యగారినే కాయమనండి. చివర్లో కరివేపాకు రెబ్బ లేదని నొచ్చుకుంటారు గానీ, గోకుడు దిగి వాసన మొదలయ్యేసరికి ఆవిడ కోపం పోతుంది. మా ఇంట్లో మేం ఇప్పుడు అదే నెయ్యి బాగుందంటున్నాం, ఈ మాట ఊళ్లో అనకండి.

తోడు కూడా పాల పదార్థమే, ఒక చెంచా అయినా. దానికోసం గొడవ ఎందుకు, ఫ్రాన్స్‌లో "యావూర్ నాత్యూర్" కొంటే అది సాదా పెరుగు, అందులోంచి తోడు వేసుకోవచ్చు, అక్కడ ఎక్కువగా దొరికే డబ్బా పాలతోనైనా చక్కగా తోడుకుంటుంది. పక్కనే "ఫ్రొమాజ్ బ్లాన్" అని అచ్చం పెరుగులాగే ఉండేది ఉంటుంది, జర్మనీలో "క్వార్క్" అంటారు, మజ్జిగ చేద్దామని అది కొంటే చేతిలో జున్ను నీళ్లు మిగులుతాయి. జర్మనీలో "నాటుర్‌యోగుర్ట్" అడగండి. పాత తోడు మీద మమకారం అంతగా ఉంటే ఎండుమిర్చి తొడిమలు పట్టుకెళ్లమనండి, గోరువెచ్చని పాలల్లో నాలుగు వేస్తే తోడుకుంటుందని ఆవిడకే బాగా తెలిసుంటుంది. తొడిమలకి సర్టిఫికెట్ అడిగే కస్టమ్స్ ఇంకా పుట్టలేదు.

రైలెక్కే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసి ఉందో లేదో చూస్తారు, ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంటే ఆపేయాలి. ప్రయాణం 35 నిమిషాలే గనక ఏమీ పాడవదు. బియ్యం 10 కిలోలు బోర్డర్‌కి సమస్య కాదు గానీ బండికి సమస్య. మామూలు కారు లైసెన్సుతో నడిపేవి 3,500 కిలోలకి మించకూడదు, ఐదుగురు, సూట్‌కేసులు, 100 లీటర్ల నీళ్లు అంటే 100 కిలోలు, తిండి అన్నీ కలిపితే గీత దాటేయడం చాలా తేలిక, ఫ్రాన్స్‌లో ఆపి తూకం వేశారంటే అప్పుడు తిండి గొడవే నయమనిపిస్తుంది. ఐదు కిలోలు చాలు, బాస్మతి ఎక్కడైనా దొరుకుతుంది.

ఫ్రాన్స్ నుంచి జర్మనీకి ఏ లెక్కా లేదు, కొన్నది కొన్నట్టు పట్టుకెళ్లొచ్చు. అందరూ తడబడేది స్విట్జర్లాండ్ దగ్గర. అది షెంగెన్‌లో ఉంది గానీ యూనియన్‌లో లేదు, వీసాకి ఒకటే, వంకాయలకి వేరు. పాస్‌పోర్ట్ అడక్కపోయినా సరిహద్దు ఊరు బాజెల్ దగ్గర కస్టమ్స్ గేటు ఉంటుంది. యూనియన్‌లో కొన్న మాంసం మనిషికి రోజుకి కిలో, వెన్న, మీగడ కలిపి కిలో, నూనెలు 5 కిలోల దాకా సుంకం లేకుండా వెళ్తాయి. చేపలు ఆ మాంసం లెక్కలోకి రావు. మాంసం పరిమితి దాటితే కిలోకి 17 ఫ్రాంకులు కట్టాలి. మొత్తం సామాన్ల విలువ మనిషికి 150 ఫ్రాంకులు దాటితే పన్ను, అంతకుముందు 300 ఉండేది, 2025 జనవరి 1న సగానికి దించారు. పెద్దవాళ్లు నలుగురున్నారు గనక నాలుగు కిలోల కోడి, అంత మీ ఫ్రిజ్జులోనే పట్టదు. గేటుకి ముందు జర్మనీ వైపు వైల్ అమ్ రైన్‌లో కొనేసుకోండి, బాజెల్ వాళ్లే అక్కడికొచ్చి కొనుక్కుంటారు, స్విస్ మాంసం ధర చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఇండియా నుంచో బ్రిటన్ నుంచో వచ్చిన మాంసం, పాలు స్విస్ వాళ్లకీ నిషేధమే, కాబట్టి ఎక్కడైనా కాస్త నెయ్యి మిగిలి ఉంటుందేమోనన్న ఆలోచన వద్దు. కొన్న వెన్న, మాంసం రసీదులు గేటు దాటేదాకా ఉంచుకోండి. స్విట్జర్లాండ్ నుంచి కోమోకి దిగేటప్పుడు తిండి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

తిరుగు ప్రయాణం గురించి మీరు అడగలేదు, కానీ చాలామంది దొరికిపోయేది అక్కడే. 2025 ఏప్రిల్ 12 నుంచి గ్రేట్ బ్రిటన్‌లోకి యూనియన్ దేశాల నుంచి ఆవు, గొర్రె, మేక, పంది మాంసం, వాటి పాలతో చేసినవి మన సొంతానికైనా తేకూడదు. కారణం మళ్లీ ఆ గాలికుంటే. ప్యాకెట్ అయినా, డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా, చీజ్ శాండ్‌విచ్ అయినా అంతే. దొరికితే అప్పజెప్పాలి, మరీ తీవ్రమైతే ఇంగ్లండ్‌లో 5,000 పౌండ్ల దాకా జరిమానా. కాబట్టి మీరు కాచుకున్న ఫ్రెంచి నెయ్యి కూడా కాలేలోపు అయిపోవాలి, ఆ లెక్కనే వెన్న కొనండి. కోమోలో జున్ను గడ్డలు కానుకలుగా కొనకండి, స్విస్ చాక్లెట్లు కొనండి, వాటికి మినహాయింపు ఉంది. ఈ నిషేధాలు జబ్బుల్ని బట్టి పెడుతుంటారు, తీసేస్తుంటారు, బయల్దేరే వారం ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్, ఫ్రెంచి కస్టమ్స్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

ఎప్పుడైనా పొరపాటున ఏదైనా ఉండిపోయిందని గేటు దగ్గర గుర్తొస్తే ముందే చెప్పి ఇచ్చేయండి. అడక్కముందే ఇస్తే తీసుకుని పంపించేస్తారు. పరుపు కింద దాచి దొరికితే అప్పుడు జరిమానా. మీ ఆయన బండి నడుపుతుంటే ఈ మాట ఆయనకి రెండుసార్లు చెప్పండి.

ఇక మామయ్యగారి పూజ. కొబ్బరికాయ ఆ ఐదు పళ్లలో ఉంది, కాలేలో నిక్షేపంగా కొట్టుకోవచ్చు. నిమ్మకాయ లేదు, దానికి సర్టిఫికెట్ కావాలి. నాలుగు నిమ్మకాయలు రెడింగ్‌లో మీ ఇంటి ముందే తొక్కించేసి, బండి కదిలాక ఆ తొక్కలు ఊడ్చేయండి, టైరు గాడిలో ఇరుక్కున్నది కూడా. పసుపు బొట్లు మాత్రం అద్దం మీద పెట్టమనండి, తెల్లటి బాడీ మీద వద్దు. అవి పోకపోతే డిపాజిట్‌లో కోస్తారు.